ఊగని మూట

ఆళ్లగడ్డ, 1957 వేసవి. గరిడీ గురువు తిమ్మన్న, ఆయన భార్య జీవమ్మ ఇంటి అరుగు మీద ఉన్నారు. నంద్యాల బస్సు దిగి ఓబులేసు వచ్చాడు. చిన్నప్పుడు తిమ్మన్న దగ్గర సాము నేర్చుకున్నవాడు, తర్వాత పటాలంలో చేరి బాక్సింగ్ నేర్చుకొని వచ్చినవాడు. వాళ్లను మామా, అత్తా అని పిలుస్తాడు.

"పీట తెచ్చి ఏసినా గదా, కుచ్చోకుండా నిలబడే ఉండావేందిరా ఓబులేసూ?"

"నిలబడితేనే బాగుండాది అత్తా. నంద్యాల నుంచి బస్సులో కుచ్చొనే వచ్చినా గదా, నడుం పట్టింది."

"కుచ్చొని వచ్చినావా? ఇప్పుడే కండక్టరు ఈ దావన పోతా చెప్పె, 'మీవాడు సీటు కాళీగా ఉన్నా కడ్డీ పట్టుకొని నిలబడే వచ్చినాడమ్మా' అని."

"ఆ కండక్టరుకు వేరే పని లే."

"ఇడిసిపెట్టు జీవా. గెలిచినోడు, నిలబడనీ."

"ఆ మాట అనొద్దు మామా."

"గెలిచినోణ్ణి గెలిచినోడు అనకుంటే ఏమనల్లప్పా?"

"మాట్లాడేది మాట్లాడ్తాండావ్, వాని మొగం చూసి మాట్లాడితే ఏం పోతాది? వాడు వచ్చినకాడ్నుంచి గోడను చూస్తా ఉండావ్."

"వాని మొగం నిన్న చూసినాలే. చాలు."

"మామా, నేను గెలవల్లని పోలే. ఇస్కూలు కమిటీ ఆదినారాయణ రమ్మన్నాడు, పోయినా."

"ఇద్దరినీ రమ్మన్నాడు. ఇస్కూలు పిల్లోళ్లకు కసరత్తు నేర్పేకి ఒక అయ్యవారు కావల్ల. గరిడీ గొప్పదా బాక్సింగ్ గొప్పదా, కమిటీవాళ్లు కండ్లారా చూస్తామన్నారు. చూసిరి. అయిపాయె."

"ఏం చూసిరో నాకు ఎవురన్నా సరిగ్గా చెప్పండి. నిన్న ఇంటికొచ్చినకాడ్నుంచి మీ మామ నోట్లో మాట లే. అడిగితే 'ఓడినా' అంటాడు. మళ్ల అడిగితే 'ఓడినా గదా' అంటాడు."

"రెండుమార్లు చెప్పినా గదా మరి."

"నువ్వు చెప్పరా ఓబులేసూ."

"చెప్పేకి ఏముండాది అత్తా. నంద్యాలలో జిన్నింగ్ మిల్లు ఆవరణలో దూలానికి మూట ఏలాడదీసినారు. గోతం నిండా పత్తిగింజలు దట్టంగా కుక్కినారు. ఒక్కొక్కరూ ఒక దెబ్బ కొట్టల్ల. మూట ఎంత దూరం ఊగితే అంత బలమున్నట్టు."

"ఆ లెక్క ఎవురు పెట్టిరి?"

"కమిటీవాళ్లే. వాళ్లకు కంటికి కనపడల్ల గదా."

"వీడు కొట్టినాడు జీవా. మూట పోయి గోడకు తగిలి తిరిగొచ్చె. పిల్లోళ్లు ఈలలేసిరి. మళ్ల నేను కొట్టినా. ఊగలే."

"రవ్వంత గూడా ఊగలేదా?"

"ఊగలే. లోపల యాడనో పుటుక్కుమనింది, గింజలు నలిగినట్ట. అంతే. ఆదినారాయణ మొగం తిప్పుకొని, పెద్దాయనకు మజ్జిగ తెండప్పా అన్నాడు."

"తాగితివా?"

"ఇస్తే తాగనా? ఎండకు పోయినా గదా."

"నాకు ఒకటి చెప్పు ఓబులేసూ. మీ మామ కొట్టేటప్పుడు మూటను నువ్వు పట్టుకున్నావంట గదా?"

"ఎవురు చెప్పినారు?"

"కండక్టరే."

"వాడు ఆడికి గూడా వచ్చినాడా?"

"ఊరంతా పోయిరి, నేనొక్కదాన్నే ఈడుంటి. పట్టుకున్నావా, లేదా?"

"పట్టుకున్నా."

"యాటికి?"

"పటాలంలో అది మర్యాద అత్తా. పెద్దోళ్లు మూట కొట్టేటప్పుడు చిన్నోడు ఎనక నిలబడి, ఎదకు ఆనించి పట్టుకోవల్ల. లేకుంటే మూట తిరిగొచ్చి పెద్దోళ్లను గుద్దుతాది. మామకు తగుల్తాదేమోనని..."

"నువ్వు కొట్టినప్పుడు ఎవురు పట్టుకుండిరి?"

"ఎవురూ పట్టుకోలే."

"సరిపాయె. నీ మూటను ఊరిమీద ఇడిసి, మీ మామ మూటను కావిలించుకుంటివి. ఇంగ యాడ ఊగుతాది? మర్యాద జేసి మర్యాద తీస్తివి గదరా."

"నాకు ఆ ఆలోచనే రాలే అత్తా. అహోబిలం సామి తోడు. పట్టుకున్నాక గదా..."

"పట్టుకున్నాక ఏమి?"

"ఏం లే."

"వాణ్ణి ఏమీ అనొద్దు జీవా. వాడు పట్టుకున్నందుకు నేను ఓడలే. ఆడలేక మద్దెల ఓడన్నట్ట అయితాది."

"మంచి మనిషివి. నీ మంచితనంతోనే గరిడీ ఇల్లంతా నిండిపాయె. పిల్లోళ్లే లేరు."

"పిల్లోళ్లు యాడొస్తారే ఇంగ. ఆ మట్టిలో దిగి ఒళ్లు పూసుకునేది ఎవురికి కావల్ల? ఇస్కూల్లోకి పోతేనన్నా విద్య నిలబడ్తాదనుకున్నా. అదీ పాయె. రేపు పొద్దున తాళంచెవి శెట్టికి ఇచ్చేస్తా."

"ఏ శెట్టికి మామా? తాళంచెవి యాటికి?"

"నీకు తెలీదు గదా. శెనక్కాయలు పోసుకునేకి చోటు కావల్లంట. గరిడీ ఇల్లు అడిగినాడు. సరేలే అన్నా."

"సాము గుంత ఏం జేస్తారు?"

"పూడ్చి, పైన బండలు పరుస్తాడంట. శెనక్కాయలకు గుంత యాటికి?"

"తాతల నాటి గుంత మామా అది."

"మా తాత తవ్వినాడు. మా నాయన మట్టి మార్చినాడు. నేను పూడుస్తాండా. ఎవురో ఒకరు పూడ్చల్ల గదా."

"ఆంజనేయసామి గూట్లో ఈపొద్దు దీపం గూడా పెట్టలేదురా మీ మామ. నన్నూ పెట్టనీలే. పెండ్లయి వచ్చినకాడ్నుంచి ఆ గూడు చీకట్లో ఉండేది నేను చూడలే. నాకు ఏడుపొస్తాండాది, ఈయనకు రాదు."

"నాకు అలుపొస్తాండాది జీవా. ఏడ్చేకి గూడా ఓపిక ఉండల్ల."

"ఏమిరా, దగ్గు మింగుతాండావ్? లోపల పొయ్యి మీద మిరపకాయలు పెట్టొచ్చినా, ఆ ఘాటుకు బజార్లో పోయేటోళ్లు గూడా దగ్గుతాండారు. నువ్వు మూతి బిగబట్టి కండ్లలో నీళ్లు తెచ్చుకుంటాండావ్. దగ్గితే ఎవురొద్దన్నారు?"

"దగ్గు రాలే అత్తా."

"రాకుండానే నీళ్లొస్తాండాయా? ఉండండి, దించొస్తా. మాడిపోతే మళ్ల ఆ కోపం నామీద పెడ్తారు."

"...మామా."

"ఊ."

"ఆ దెబ్బ యాడ్నుంచి వస్తాది?"

"ఏ దెబ్బ?"

"నిన్న కొట్టినావే, అదే."

"చచ్చిన బర్రె కుండెడు పాలిచ్చేదంట. ఇప్పుడు దాని గురించి యాటికిరా?"

"నిజంగానే అడుగుతాండా. మా అవల్దారు నాకు నేర్పింది వేరే. మడమ తిప్పల్ల. ఆ తిప్పుడు నడుంలోకి రావల్ల, నడుంలోనుంచి భుజంలోకి, భుజంలోనుంచి పిడికిట్లోకి. కొట్టినాక నిప్పు తాకినట్ట చెయ్యి ఎనక్కి గుంజుకోవల్ల. అంతా ఇసురే. ఇసురు ఎంతుంటే దెబ్బ అంత. నువ్వు ఇసరనే లేదు గద మామా. అరచెయ్యి మూట మీద పెట్టినట్టే ఉండె. జానెడు గూడా ఎనక్కి తీయలే."

"తీయకూడదు."

"మరి బలం యాడ్నుంచి వస్తాది?"

"చిన్నప్పుడు చెప్పినా గదరా."

"చిన్నప్పుడు నువ్వు చెప్పింది ఒకటే. 'భుజం చంపు, భుజం చంపు' అంటా చింతబరికెతో కొట్టేటోనివి."

"చంపితివా?"

"లే. పటాలానికి పోతి."

"పోయి బతికించుకొని వస్తివి. భుజం బిగిస్తే బలం ఆడనే ఆగిపోతాదిరా, కాలవకు అడ్డం కట్ట ఏసినట్ట. అది సచ్చినట్టు ఉండల్ల. అరికాలు నేలను తొక్కుతాది. ఒంటి బరువు బొడ్డు కిందికి దిగుతాది. ఊపిరి ఇడిసేది, బరువు దిగేది, అరచెయ్యి ఆనేది, మూడూ ఒకేపారి జరగల్ల. ఒకటి ముందైనా, ఒకటి ఎనకైనా ఉత్త తోపుడే. నువ్వు ఇసురుతావ్, నేను దిగుతా. అంతకంటే ఏం లే."

"చెయ్యి ఎనక్కి గుంజవా?"

"యాటికి గుంజల్ల? నువ్వు తలుపు తట్టి పారిపోతావ్. నేను తలుపు తీసేదాకా ఆడనే నిలబడ్తా."

"మాకు ఆడ నిలబడితే అవతలోడు కొట్టి పడేస్తాడు మామా. చుట్టూ తిరగల్ల, తట్టల్ల, తప్పుకోవల్ల."

"అది నిజమే. మీది కదిలే మనిషికి పనికొస్తాది. దూరం నుంచి వచ్చి దూరం పోతారు. మాది మీదికొచ్చిన మనిషికి. దేని తావు దానిది. నేను మీ విద్యను తక్కువ అనలేదు, ఎప్పుడూ."

"నువ్వు అనలే. నేనే అన్నా, గరిడీ అంటే ముసలోళ్ల ఊపిరి ఆట అని. పటాలంలో నలుగురి ముందర."

"అంటివా? పోనీలే. వయసులో ఉండేటోళ్లు అట్లనే అంటారు."

"బెంగుళూరులో ఒకడు నన్ను కొట్టినాడు మామా. మా పటాలంలో వాన్ని మించినోడు లే. మొగమంతా వాచిపాయె, ఒక కన్ను మూసుకొనిపాయె. కానీ ఆ దెబ్బలన్నీ పైపైనే ఉండె. రెండు దినాలకు పాయె. ఇట్ల లోపలికి..."

"ఇట్ల లోపలికి ఏమి?"

"ఏం లే మామా. ముసలితనం వస్తే ఆ బలం పోతాదా?"

"పోదని మా నాయన చెప్పినాడు. ఇసురు వయసుతో పాటే పోతాది, దిగుడు పోదు, ఇంగా ముదురుతాది అన్నాడు. కొడుకు మనసు కష్టపెట్టల్ల యాటికని అట్ల చెప్పుంటాడు."

"ఏందీ, నేను లోపలికి పోతేనే మీ ఇద్దరికీ మాటలొస్తాయా?"

"దెబ్బ గురించి అత్తా. బలం యాడ్నుంచి వస్తాదని."

"అది నన్ను అడుగు. రోకలి ఎత్తేది నేను. కొర్రలు దంచేటప్పుడు నేనేమన్నా భుజంతో కొడ్తానా? ఎత్తి ఇడిసిపెడ్తా, దాంతోపాటు నేనూ దిగుతా. పొద్దంతా దంచినా నొయ్యదు. కొత్త కోడండ్లు భుజంతో కొడ్తారు, బువ్వకు చాలినన్ని దంచకముందే కుచ్చుంటారు. ఇంతకూ, రోలు ఊగుతాదా?"

"రోలు యాటికి ఊగుతాది?"

"అదే నేననేది. రోలు ఊగదు, లోపల కొర్రలు పొట్టు ఇడుస్తాయి. మీ కమిటీవాళ్లు రోలు ఊగిందా లేదా అని చూసిరి. నన్ను పిలిచింటే చెప్పేదాన్ని."

"నీకు మజ్జిగ గూడా ఇచ్చేటోళ్లు."

"నవ్వులకేం తక్కువ లే. ఇందారా ఓబులేసూ, సంగటి ముద్ద, మిరపకాయ కారం. తిను."

"ఆకలి లే అత్తా."

"నువ్వు సంగటి వద్దన్న దినముందా? చిన్నప్పుడు సాము అయినంక నా వంటింట్లో చట్టి నాకి పోయేటోనివి."

"నిన్నటి నుంచి మింగుడు పడలే. మళ్ల తింటాలే, ఆడ పెట్టు."

"సరే. తినకుంటే పాయె, పనన్నా చెయ్యి. లోపల అటక మీద కట్టు సామాను సంచి ఉండాది, వెదురుబద్దలు, గుడ్డలు. పొడుగోనివి, రవ్వంత దించిపెట్టు. రేపు చాగలమర్రి నుంచి చెయ్యి ఇరిగిన పిల్లను తెస్తాండారు, మీ మామ కట్టు కట్టల్ల."

"...రేపు దించుతా అత్తా."

"రేపు నువ్వు ఈడుంటావా? ఇప్పుడు చెయ్యెత్తితే ఏమైతాది?"

"వాణ్ణి పీడించొద్దు. నేను దించుకుంటాలే. కొట్టే చెయ్యి పాయె, కట్టే చెయ్యి మిగిలింది. అదన్నా ఉండాది."

"మామా, అట్ల అనొద్దు."

"అన్నీ అనొద్దంటావ్. సోమవారం పనిలో చేరల్ల గదా?"

"చేరమన్నారు."

"మంచిది. వానల్లేక నీ చేను బీడాయె. బిడ్డ పుట్టె. పెండ్లాం పుట్టింటి గింజలు తెచ్చి వండుతాంది. నీకు పని కావల్ల. నాకు నీమీద కోపం లేదురా."

"కోపం పడినా బాగుండు."

"కోపం పడేకి గూడా బలం కావల్ల గదా."

"మరి యాటికొచ్చినావురా ఓబులేసూ, ఇంత ఎండలో? తినేకి రాలే, కుచ్చునేకి రాలే. కోపం పడినారా లేదా అని చూసేకి వచ్చినావా?"

"ఊరికే వచ్చినా అత్తా. మామను చూసిపోదామని."

"చూసినావు గదా."

"చూసినా. ...మామా, ఆ తాళంచెవి రేపే ఇవ్వల్లనా? కొన్ని దినాలు ఆగు."

"ఆగితే ఏమైతాది?"

"ఏమన్నా కావచ్చు. మూట ఊగలేదని ఎవురన్నా గుంత పూడుస్తారా? నేను పట్టుకున్నందుకే ఊగలేదని ఆదినారాయణకు చెప్తా. మళ్ల కొట్టమంటారు."

"నీకు ఇంగా అర్థం కాలేదురా. మూట ఊగలేదని నేను తాళం ఇస్తానా? మా దెబ్బకు మూట ఊగదు. ఊగకూడదు. ఊగిందంటే బలం బయటికి పోయినట్టే. అది కమిటీవాళ్లకు తెలీదు, తెలీకపోనీ. ఇది నీకు చెప్పకముందే నువ్వు పటాలానికి పోతివి. ఇప్పుడు ఇను. మా నాయన కాలంలో పరీక్ష ఎట్ల జేసేటోళ్లో తెలుసునా?"

"తెలీదు."

"మూట ఎనకాల ఒక మనిషిని ఆనించి నిలబెడ్తారు. దెబ్బ మూటకు గాదు, మూట దాటి ఆ ఎనకటోనికి తగలల్ల. మా నాయన కొట్టినప్పుడు ఎనక నిలబడింది నేనే. మూట కదల్లే. నేను మాత్రం రెండు మూడు దినాలు కుచ్చోలేకపోతి, ముద్ద మింగలేకపోతి."

"నాకు గ్యాపకముండాది. పెండ్లయిన కొత్త. ఉప్పు కాపడం పెట్టింది నేనే గదా. దగ్గు వస్తే దిండు కరిచిపెట్టుకొని..."

"నువ్వు ఉండు జీవా. చెప్పనీ. నిన్న వీడు తనంతట తానే పోయి మూట ఎనక నిలబడినాడు. నేను సంతోషపడినా. ఎవురూ చెప్పకుండానే నా శిష్యుడు సరైన తావున నిలబడినాడు అనుకున్నా. మూట ఊగిందో లేదో వాళ్లు చూసుకోనీ, నేను వీని మొగం చూస్తే నాకు తెలుస్తాది అనుకున్నా. ఉండే బలమంతా దించినా. దించి, పక్కకు వంగి వీని మొగం చూసినా."

"మామా..."

"నవ్వుతాండావ్."

"నేను నవ్వలే."

"పండ్లు కనపడె గదరా. ముసలాయన దెబ్బ ఇంతేనా అని నవ్వితివో, పాపమని నవ్వితివో నాకు తెలీదు. దేనికి నవ్వినా ఒకటే. కమిటీవాళ్ల ముందర నేను ఓడలే, నీ నవ్వు కాడ ఓడినా. నా లోపల ఇంగ ఏమీ లేదని నాకు ఆడనే తెలిసిపాయె. లేని విద్యకు గుంత యాటికి? శెనక్కాయలు పోసుకోనీ. ఇంగ నన్ను మాట్లాడించొద్దండి, అలుపొచ్చింది."

"తాళంచెవి ఇవ్వొద్దు మామా."

"మళ్ల అదే."

"సోమవారం నేను పనిలోకి పోను. పోలేను. ఆదినారాయణకు ఎందుకో నేనే చెప్తా."

"పిచ్చిపట్టిందా? పెండ్లాం బిడ్డలుండారు నీకు."

"ఉండారు. అందుకే నిన్నటి నుంచి చెప్పలే. ఈడికి వచ్చి గూడా, చెప్పకుండా కట్టు ఒక్కటి కట్టించుకొని పోదామని చూస్తి."

"కట్టు యాటికిరా? ఏమైంది నీకు? మొగం పాలిపోయిందేంది?"

"అత్తా, ఆ సంచి నేను దించలేను. నువ్వే దించు. మామా, ఇప్పుడన్నా నా మొగం చూడు. చూసి, ఈడ, ఎడమ పక్కన ఎముకల మీద చెయ్యి పెట్టు. మెల్లగా. నేను నవ్వలేదు మామా, అరుపు రాకుండా పండ్లు బిగబట్టినా. నిన్న పుటుక్కుమన్నది గింజలు గాదు."